మోకాలెత్తు సినిమా

పొద్దున ఆరు కాగానే హజీరా గడప పక్కన నేల మీద కూర్చుంటుంది. ఫోన్‌ను చెప్పుల స్టాండు కింది అరకు ఆనించి ఒక్క నిమిషం వీడియో తీస్తుంది. ఆ నిమిషంలో వాకిలి ముందు నుంచి ఎవరు నడిచి వెళ్తే వాళ్ళ పాదాలు అందులో పడతాయి. ఒకరోజు పాలప్యాకెట్లు వేసే మనిషి, ఇంకోరోజు పక్కింటి కోడి. కొన్ని రోజులు ఎవరూ రారు. బండల మీద వెలుగు మాత్రం కాస్త ముందుకు జరుగుతుంది. నిమిషం కాగానే ఫోన్ తీసేసి, ఏం పడిందో చూసుకోకుండానే చాయ్ పెట్టడానికి వెళ్తుంది. ఈ అలవాటుకు తొమ్మిదేళ్ళు. జ్వరం వచ్చిన రోజు కూడా మానలేదు.

ఆమె భర్త ఇర్షాద్ తుర్కపల్లిలో మందుల కంపెనీ ఉద్యోగులను చేరవేసే క్యాబ్ నడుపుతాడు. ఆయన బయల్దేరే వేళా అదే.

"ఇయ్యాల గూడ నా బూట్లేనా? గింత మంచి మొఖం పెట్టుకొని నేనుంటె ఎప్పుడు జూసినా కిందికే జూస్తవ్," అంటూ ఫోన్ మీదుగా కాలు దాటిస్తాడు.

"మొఖం అద్దంల జూస్కో నౌరీన్ అబ్బా. జరుగు, వెలుగు ఆపుతున్నవ్," అంటుంది హజీరా.

నౌరీన్ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. దుండిగల్ దగ్గర ఇంజనీరింగ్ చదువుతోంది. ముగ్గురూ మేడ్చల్ బస్సు డిపో వెనక రెండు గదుల ఇంట్లో ఉంటారు.

హజీరా పుట్టింది శామీర్‌పేటలో. ఆమె తండ్రి గఫూర్ పెళ్ళిళ్ళ వంటమాస్టరు. ఆ చుట్టుపక్కల ముస్లింల ఇళ్ళలో పెళ్ళంటే పొయ్యి మీదికి దేగ్ అనే పెద్ద వంటపాత్ర ఎక్కించేది ఆయనే. వండటం వరకు ఆయన చేతిలో పని. వండింది పరదా అవతల కూర్చున్న ఆడవాళ్ళకు చేరాలంటే మాత్రం మగవాళ్ళు పనికిరారు. అందుకని కూతురికి ఎనిమిదేళ్ళు వచ్చినప్పటి నుంచీ వెంట తీసుకెళ్ళేవాడు. గిన్నె పరదా అంచు దాకా ఆయన తెచ్చేవాడు, అక్కడి నుంచి ఈ పిల్ల మోసేది. అలా పెళ్ళికూతురి పక్కన ఎవరు కూర్చోవాలో, ఏ అత్తకూ ఏ కోడలికీ పడదో, ఎవరు తినకుండా అలిగారో అన్నీ ఆమెకు పదేళ్ళకే తెలుసు.

ఇంటర్ అయ్యాక ఇర్షాద్‌తో పెళ్ళయి మేడ్చల్ వచ్చింది. అప్పట్లో ఇర్షాద్ ఆటో నడిపేవాడు. స్టేషన్ రోడ్డులో ఇస్తారి అనే ఆయనకు ఫోటో స్టూడియో ఉంది. ముస్లింల పెళ్ళిళ్ళు ఆయనకు సగమే దక్కేవి. మగవాళ్ళ వైపు ఆయన తీసేవాడు, పరదా అవతల తియ్యడానికి మనిషి లేదు. ఒకరోజు ఆటోలో వెళ్తూ ఇర్షాద్‌ను అడిగాడు.

"మీవోళ్ళల్ల కెమెరా పట్టుకునే ఆడమనిషి ఎవలన్న ఉన్నరా? పట్టుకునుడొస్తె సాలు, మిగిలింది నేన్ జెప్త."

"మా ఇంట్ల ఒకామె ఉన్నది. గని కోపమెక్కువ," అన్నాడు ఇర్షాద్.

"కెమెరాకు కోపముంటె కష్టం గని మనిషికుంటె ఏమైతది?" అన్నాడు ఇస్తారి.

రెండు వేల ఐదులో హజీరా మొదటి పెళ్ళి తీసింది. అది శామీర్‌పేటలోనే, ఖాజాబీ పెద్దకొడుకు పెళ్ళి. ఖాజాబీ భర్త పోయాక కూరగాయల తోట తానే చూసుకుంటూ ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. ఆమె మాటకు ఆ ఊరి ఆడవాళ్ళలో ఎదురులేదు. ఆరోజు హజీరా కెమెరా భుజాన పెట్టుకుని లోపలికి వెళ్ళగానే ముసలివాళ్ళు దుపట్టాలు ముఖాల మీదికి లాక్కున్నారు, పిల్లలు మూలకు పరిగెత్తారు. ఖాజాబీ లేచి వచ్చింది. అరచెయ్యి కెమెరా మీద పెట్టి మెల్లగా కిందికి నొక్కింది. అది హజీరా మోకాలి దగ్గరికి వచ్చాక చెయ్యి తీసింది.

"గీడ్నే పెట్టు బిడ్డా. మా మొఖాలు మేం రోజు జూస్కుంటనే ఉన్నం. ఎవలు తియ్యమంటె వాళ్ళ మొఖం తియ్యి."

"కింద ఏమున్నది ఖాలా తియ్యనీకి?"

"ఏమున్నదో నువ్వే జూడు. కెమెరా నీ సేతుల్నే ఉన్నది గద."

పెళ్ళికూతురినీ, తియ్యమని పిలిచినవాళ్ళనీ మాత్రం పైనుంచి తీసింది. మిగతాదంతా మోకాలెత్తు నుంచే. వెళ్ళేటప్పుడు ఖాజాబీ ఆమె చేత ఒక మాట తీసుకుంది: పరదా లోపల తీసినది ఏ మగవాడి కంటా పడకూడదు. హజీరా మాట ఇచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆమెను పిలిచిన ప్రతి ఇల్లూ ఆ మాట మీదే పిలుస్తోంది.

ఆ మాటకు తగ్గ పద్ధతి కూడా ఆమే పెట్టుకుంది. ఆడవాళ్ళ వైపు టేపు ఇస్తారి చేతికి ఇవ్వదు. స్టూడియో వెనక గదిలో తెర కట్టుకుని తానే ఎడిటింగ్ చేస్తుంది. పెళ్ళివారికి రెండు డిస్కులు వెళ్తాయి. అందరూ చూసేది ఒకటి. రెండోది ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, ఆ ఇంటి ఆడవాళ్ళలో అందరికన్నా పెద్దావిడ ఎవరుంటే ఆమె చేతికే ఇస్తుంది. ఇచ్చి వచ్చిన రోజే తన దగ్గరున్నది చెరిపేస్తుంది. టేపులు పోయి కార్డులు, డిస్కులు పోయి పెన్‌డ్రైవులు వచ్చాయి. గుడ్డ మాత్రం మారలేదు. ఇస్తారి తన స్టూడియో వెనక గదిలోకి తాను వెళ్ళాలన్నా దగ్గి వెళ్ళేవాడు.

"నా కిరాయి, నా కంప్యూటర్, నాకే పరదా," అని వచ్చిన గిరాకీలందరికీ చెప్పుకునేవాడు.

చెరిపెయ్యనిది ఒకటుంది. ముఖాలు లేని ముక్కలు. పెళ్ళివారికి అవి అక్కర్లేదు, ఎడిటింగ్‌లో తీసి పారేసేవే. భోజనానికి నేల మీద పరిచే దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ మడిచిన మోకాళ్ళు. ఆరని గోరింటాకు చెదరకుండా మడమల మీద నడిచే అమ్మాయి. విడిచిన చెప్పుల గుట్టలో తన జత కోసం వెతికే ఒక బొటనవేలు. బియ్యం గింజ మీద కాలు పడబోయి పక్కకు తప్పుకోవడం. హజీరా వీటిని వేరే హార్డ్‌డిస్క్‌లో వేసి పెట్టింది. నౌరీన్ కాలేజీలో చేరే నాటికి అవి నాలుగు వందల పెళ్ళిళ్ళ కాళ్ళయ్యాయి.

"కాళ్ళకు పెండ్లి జేస్తున్నవా చెల్లె? ఇంకో డిస్క్ కొనాల్నట," అని ఇస్తారి ఎగతాళి చేశాడు.

"కొనన్నా. కాళ్ళు మస్తున్నయ్ ఊర్ల," అంది హజీరా.

నౌరీన్ కాలేజీలో మాధవీలత అని ఇంగ్లిష్ లెక్చరర్ ఉంది. ఆమె నెలకోసారి హైదరాబాద్‌లో ఒక చిన్న హాలులో సినిమాలు వేస్తుంది. నౌరీన్ మొదటి సంవత్సరంలో తల్లిని అక్కడికి తీసుకెళ్ళింది. ఆరోజు వేసింది చెక్ దేశంలో ఒకావిడ ఎన్నో ఏళ్ళ కిందట తీసిన సినిమా. కథ లేదు. ఒక పాత భవనం మెట్ల మీద ఎవరెవరో ఎక్కుతుంటారు, దిగుతుంటారు. ఎవరి ముఖమూ కనిపించదు. ఉన్నట్టుండి బొమ్మ ఎర్రగా మారుతుంది, శబ్దం ఆగిపోతుంది, మళ్ళీ వస్తుంది. అరగంట గడిచేసరికి సగం మంది లేచి వెళ్ళారు. నౌరీన్ ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. హజీరా వేళ్ళు మడుస్తూ ఒక దృశ్యం తెగి ఇంకోటి మొదలయ్యే అతుకులు లెక్కపెట్టింది. మూడు వందల పన్నెండు.

తర్వాత ఆమె మాధవీలతను ఒక్క ప్రశ్న అడిగింది.

"మేడమ్, ఈమెకు మొఖాలు తియ్యొద్దని ఎవలన్న చెప్పిన్రా?"

"లేదండీ, ఆవిడే అలా అనుకుని తీశారు. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం కొన్నేళ్ళపాటు ఆవిణ్ణి అసలు సినిమాలే తియ్యనివ్వలేదు."

మనిషి కావాలని కూడా అలా తీస్తుందన్న సంగతి హజీరాకు అప్పుడే తెలిసింది. ఇంటికి వచ్చిన మర్నాడు హార్డ్‌డిస్క్ తీసింది.

పెళ్ళిళ్ళు లేని మధ్యాహ్నాల్లో పని చేసింది. రెండేళ్ళు పట్టింది. అందులోనూ కథ లేదు. ఒక అడుగు ఎత్తితే అది దిగేది ఇంకో పెళ్ళిలో, ఇంకో ఏడాదిలో, ఇంకొకరి కాలుగా. అలా నాలుగు వందల ఇళ్ళ గుండా ఒకే మనిషి నడిచి వెళ్తున్నట్టుంటుంది. నడక ఆగిన చోట వెలుగు తగ్గించి పాదాల రంగు మాత్రం ఉంచింది. పాటలు, బ్యాండు తీసేసింది. వాటి బదులు తండ్రి గఫూర్ చేత ఖాళీ దేగ్‌ను గరిటెతో గీకించి ఆ చప్పుడు పెట్టింది. ఆయన అప్పటికి పని మానేసి చిన్నకొడుకు దగ్గర ఉంటున్నాడు. "వంట లేకుంట గీకుడేందే?" అని అడిగి, అయినా గంటసేపు గీకాడు. సినిమా ఇరవై రెండు నిమిషాలు వచ్చింది. మోకాలెత్తు అని పేరు పెట్టింది.

నౌరీన్ మాధవీలతకు చూపించింది. ఆవిడ నగరంలో జరగబోయే ఒక చిత్రోత్సవానికి పంపింది. నెల తిరక్కుండానే జవాబు వచ్చింది. సినిమాను తీసుకున్నారు. శనివారం సాయంత్రం, రెండు వందల కుర్చీల హాలు, ఆట అయ్యాక హజీరా వేదిక మీద మాట్లాడాలి. వేరే ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు చూస్తారనీ, నచ్చితే తమ ఊళ్ళకు పిలుస్తారనీ మాధవీలత చెప్పింది. మర్నాడు ఇర్షాద్ క్యాబ్ శుభ్రం చేస్తుంటే హజీరా ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆయన గుడ్డ భుజాన వేసుకుని, "తెల్ల షర్టు ఇస్త్రీకిచ్చుకోవాలె," అన్నాడు.

ఆమె మనసులో తప్పు చేస్తున్నానన్న శంక లేదు. ఇచ్చిన మాట ముఖాలకు సంబంధించినదని ఆమె లెక్క. సినిమా మొత్తంలో ఒక్క ముఖం లేదు. అయినా మొదట ఖాజాబీకి చూపించాలనుకుంది. కెమెరాను మోకాలి దగ్గరికి నొక్కింది ఆమె కనుక.

చిత్రోత్సవానికి తొమ్మిది రోజుల ముందు శామీర్‌పేట వెళ్ళింది. ఖాజాబీకి డెబ్బై దాటాయి. మోకాళ్ళు అరిగిపోయి నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని నడుస్తోంది. ఇంట్లో కోడళ్ళిద్దరు, పక్కిళ్ళ ఆడవాళ్ళు కలిసి ఏడుగురు టీవీ ముందు చేరారు. మగవాళ్ళెవరూ లేరు. హజీరా పెన్‌డ్రైవ్ పెట్టింది.

రెండో నిమిషంలో పెద్దకోడలు ముందుకు వంగింది.

"అమ్మీ, గిది పాషాబీ కాలు గాదా? సూడు, సిటికెనేలు పక్కేలు మీదికెక్కి కూసుంటది."

"గామెదే. సచ్చేదాక చెప్పు కర్సుతుందని ఏడ్సుడే ఆమె పని."

"ఆగాగు, గా మడిమెలు మనూరి టీచరమ్మయి. పగుల్లు జూడు, పొలంల పగుల్లెట్లున్నయో గట్ల."

"నీయి మస్తు నున్నగున్నయా? అదిగో, నువ్వే. పాయసం కటోర దాసుకున్నవ్ కుర్చీ కింద. కాలుతోని జరుపుతున్నవ్."

"అల్లా, గది నేన్ గాదు."

"నువ్ గాకపోతె నీ కాలికి కాలిన మచ్చ ఎవలు పెట్టిన్రు?"

నవ్వులు మొదలయ్యాయి. పన్నెండో నిమిషం వచ్చేసరికి తెర మీద ఎరిగినవాళ్ళ పాదం కనిపించడమే తడవుగా పేరు పిలుస్తున్నారు. ఫలానా పెళ్ళి, ఫలానా ఏడు, అప్పుడు కడుపుతో ఉంది, అప్పుడే మొగుడితో కొట్లాడి వచ్చింది. ఒక్కరి పేరు కూడా తప్పు చెప్పలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డ హజీరా టీవీని వదిలి వాళ్ళ ముఖాల వైపు చూసింది. ఆడవాళ్ళు ముఖాలు కప్పుకుని బయట తిరిగే ఊళ్ళో మనిషిని ఆనవాలు పట్టేది దేంతోనో ఆమె ఇన్నేళ్ళు పనిచేసి కూడా ఆలోచించలేదు.

సినిమా అయిపోయింది. చిన్నకోడలు నవ్వి నవ్వి తడిసిన కళ్ళు తుడుచుకుంటూ అంది: "మా ఆయన జూస్తె నన్ను ఒక్క నిమిషంల గుర్తుపడ్తడు. బురఖాల పదిమందిల ఉన్నా నా నడక గుర్తుపడ్తడు ఆయన."

ఎవరూ నవ్వలేదు. ఖాజాబీ హజీరా వైపు తిరిగింది.

"ఇది ఏడ చూపిస్తవ్ బిడ్డా?"

"సిటీల ఖాలా. పెద్ద హాల్ల. మొఖాలు లెవ్వు కదా అని..."

"మగోళ్ళుంటరా?"

"ఉంటరు."

"మా మొఖాలు నీకియ్యలేదు. కాళ్ళు ఇచ్చినమనుకున్నవా?"

ఆమె గొంతు పెంచలేదు. చాయ్ తెమ్మని కోడలికి చెప్పింది. హజీరా చాయ్ తాగి వచ్చేసింది.

ఆ తర్వాత నాలుగు రోజులు తెర వెనక కూర్చుని పాదాలను మసక చేసి చూసింది. మసక చేస్తే అడుగు ఎవరిదో తెలియలేదు. కానీ ఒక అడుగు ఇంకో అడుగుగా మారడమూ తెలియలేదు. తెల్లటి మబ్బు ఒకటి నేల మీద పాకినట్టుంది. మచ్చలున్నవీ పగుళ్ళున్నవీ తీసేసి చూసింది. అయిదు నిమిషాలు మిగిలింది, అది ఎవరిదీ కాదు. అయిదో రోజు మాధవీలతకు ఫోన్ చేసింది.

"మేడమ్, హాల్లకు ఆడోళ్ళనే రానిస్తె కుదురుతదా?"

మాధవీలత నిర్వాహకులను అడిగి చూసింది. పాస్‌లు అందరికీ పంచేశారు, ఒక్క సినిమా కోసం సగం హాలును బయట నిలబెట్టలేమన్నారు.

"కాళ్ళే కదండీ హజీరా గారూ. అక్కడికొచ్చే వాళ్ళలో ఎవరు గుర్తుపడతారు?"

"ఇయ్యే మాటలు పదిరోజుల కింద నేన్ గూడ అన్న మేడమ్," అంది హజీరా. "సినిమా వాపస్ తీస్కుంటున్న."

మాధవీలత ఇంకోసారి ఆలోచించుకొమ్మంది, ఇలాంటి అవకాశం మళ్ళీ రాకపోవచ్చని కూడా చెప్పింది. అది నిజమే. ఆ తర్వాత హజీరాను ఏ ఉత్సవమూ పిలవలేదు.

ఇస్తారి సంగతి విని తల పట్టుకున్నాడు. "నేనైతె పోయేటోణ్ణి. ఎవ్వలకు జెప్పకపోయేటోణ్ణి. సిటీల జూస్తె శామీర్‌పేటకు తెలుస్తదా?"

"తెల్వది అన్నా. నాకు తెలుస్తది గద."

"అందుకే నీకు స్టూడియో లేదు, నాకున్నది," అన్నాడు ఇస్తారి. ఆరోజు వెనక గదికి కొత్త ఫ్యాన్ పెట్టించాడు.

ఇస్త్రీ చేసిన తెల్ల షర్టు ఇర్షాద్ ఆ శనివారం వేసుకుని మామూలుగా డ్యూటీకి వెళ్ళాడు.

రెండు నెలల తర్వాత ఖాజాబీ పెద్దకోడలు ఫోన్ చేసింది. అత్త మాట్లాడతానంటోందని చెప్పి ఫోన్ ఆమెకు ఇచ్చింది.

"గా బొమ్మ ఉన్నదా, సెరిపేసినవా?"

"ఉన్నది ఖాలా."

"తీస్కొని రా. మా చెల్లె వచ్చింది దుండిగల్ నుంచి. ఆమె జూడాల్నట." మళ్ళీ తనే అంది: "అండ్ల ఒక తాన పళ్ళెం బట్టుకొని ఉరుకుతున్నది నేనే గద. మా పెద్దోని పెండ్లిల. గట్ల ఉరికేదాన్నని కోడండ్లు నమ్ముతలేరు. ఆడ ఆపి మల్ల జూపియ్యి."

హజీరా వెళ్ళింది. ఆ చోట ఆపి ఆరుసార్లు వేసింది. ఖాజాబీ కర్ర పక్కన పెట్టి చూసింది. వచ్చేటప్పుడు ఆమె చెల్లెలు తన ఇంటికి కూడా తీసుకురమ్మంది. దుండిగల్లో చూసినవాళ్ళు మేడ్చల్‌లో చెప్పారు, మేడ్చల్ వాళ్ళు తుర్కపల్లిలో చెప్పారు. ఎవరింట్లో వేసినా షరతు ఒకటే: పరదా లోపల, ఆడవాళ్ళు మాత్రమే. ఇర్షాద్ సెలవు రోజున తీసుకెళ్ళి బయట క్యాబ్‌లో కూర్చుంటాడు.

చూసినవాళ్ళు ఊరికే ఉండటం లేదు. ఆ చెప్పులు తెగిపోయినవి, అవి తీసెయ్ అని ఒకరంటారు. మా అమ్మ అందులో లేదు, పెట్టు అని ఇంకొకరంటారు. ఉన్నవాళ్ళు వద్దంటే హజీరా ఆ అడుగు తీసేస్తుంది. లేనివాళ్ళు అడిగితే వాళ్ళను వాకిట్లో నాలుగడుగులు నడిపించి, మోకాలి దగ్గర కెమెరా పెట్టి తీసి కలుపుతుంది. ఒక ఇంట్లో చూసిన సినిమా మరో ఇంట్లో అదే సినిమాగా ఉండదు. పూర్తయిందా అని మాధవీలత అప్పుడప్పుడు అడుగుతుంది. లేదని హజీరా చెప్తుంది.

హజీరాకు ఇప్పుడు నలభై మూడేళ్ళు. పెళ్ళిళ్ళ రోజుల్లో వారానికి రెండు పెళ్ళిళ్ళు తీస్తుంది. సినిమా నిడివి ముప్పై ఒక్క నిమిషాలకు చేరింది. ఇంతవరకు యాభై మూడు ఇళ్ళలో వేసింది, వాటిలో ఎక్కడా మగవాళ్ళెవరూ చూడలేదు.